ఈదులకుంటకు దారి

జహనుమా,
12 జూన్ 1978

సూర్యప్రభ బిడ్డకు,

నా పేరు ఆగమ్మ. పోయిన మల్లన్న భార్యను. వయసు డెబ్బై. మూసీకి పెద్ద వరద వచ్చిన ఏడు మా అమ్మ కడుపులో ఉన్నానట, అక్కడి నుంచి నువ్వే లెక్క వేసుకో. ఇంట్లో నేను, నా కొడుకు భిక్షపతి, కోడలు పుష్పమ్మ. కొడుకు రైలు డబ్బాల కార్ఖానాలో వడ్రంగి. బట్టలు ఉతకడం నా పని. మా ఇల్లు ఈదులకుంట గట్టును ఆనుకుని ఉంది. గల్లీలో ముందు దర్వాజ దాటితే పైన ఆకాశం కనబడే వాకిలి, దానికి ఒక పక్క మేం పడుకునే అర్ర, ఇంకో పక్క పొయ్యి. ఎదురుగా వెనక దర్వాజ, అది తీస్తే నీళ్లు.

నాకు అక్షరం రాదు. కోవెలలో లెక్కలు రాసి రిటైరైన రామానుజం గారు నేను చెబుతుంటే రాస్తున్నారు. ఆయన నా మాటను ఇస్త్రీ చేసి రాస్తారు. "గంత నున్నగ చెయ్యకు అయ్యగారూ, మడత పెడితె నా మాట నాకే దొర్కదు" అన్నాను. అయినా చేస్తున్నారు. ఎక్కడైనా ముడత కనబడితే అది నాది.

నన్ను మరిచి ఉండవు. అలియాబాద్‌లో మీ అమ్మ రంగనాయకమ్మ ఇంటి మూట ఎన్నేళ్లు మోశానో ఆమెనే అడుగు. నీ పరికిణీల మీద సిరా మరకలు తీసింది నేనే. ఇప్పుడు అదే సిరాతో నువ్వు మా కుంట చుట్టూ గీత గీశావని తెలిసింది.

వార్డు ఆఫీసు గోడకు మీ నక్షా అంటించారు. రామానుజం గారు చదివి చెప్పారు. కుంట చుట్టూ ఇళ్ల సొసైటీకి ప్లాట్లట. ప్లాట్లకూ నీళ్లకూ నడుమ తోట, తోటకు కంచె, దారి మాత్రం కాలనీ గేటు లోంచి, గేటుకు కాపలా. మా రేవు ఉన్నచోట "వాడుకలో లేని గట్టు" అని రాశారట.

ఆ ముక్క ఎట్లా పుట్టిందో చెబుతాను. పోయిన ఎండాకాలం ఎవరో ఖాకీ చొక్కా వచ్చి, నీళ్లు పాడు చేస్తున్నామని మా రేవు వాళ్లందరికీ జరిమానా రాసి పోయాడు. చలికాలంలో గొలుసులు పట్టుకుని మీ సర్వే వాళ్లు వచ్చారు. "ఇక్కడ ఎవరు ఉతుకుతారు?" అని అడిగారు. జరిమానా కట్టినవాళ్లు ఏం చెబుతారు? మా పక్కింటి చంద్రమ్మ చీర కొంగు పిండుకుంటూ, "మేమా? గీడ కుంట ఉన్నదన్న ముచ్చటే మాకు ఎర్క లేదు సారూ" అంది. కాళ్ల కింద మడుగు కట్టింది. వాళ్లు అదే రాసుకుని పోయారు. నేనూ అక్కడే ఉన్నాను. నన్ను అడిగినా అదే చెప్పేదాన్ని.

నీ దగ్గరికి నడిచే వచ్చాను. మీ ఆఫీసు మెట్ల మీద చప్రాసి ఆపాడు. అందుకే ఈ కాగితం. నీళ్లకు గేటు ఏంది బిడ్డా? ఆ గీత చెరిపేయి.

ఆగమ్మ

*

ప్రణాళికా విభాగం, హైదరాబాద్,
26 జూన్ 1978

ఆగమ్మ గారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందింది. ఈదులకుంట నమూనా తయారు చేసిన ముగ్గురిలో నేనొకదాన్ని. ఇళ్లు నీళ్లకు వీపు పెట్టకుండా ముఖం పెట్టాలనీ, గట్టు చుట్టూ ఎవరైనా నడవగలగాలనీ నేను మొదట గీశాను. కంచె, గేటు తర్వాత కమిటీ చేర్చింది. గట్టును ఎవరూ వాడటం లేదని సర్వేలో ఉన్నందువల్ల నేను వాదించడానికి ఆధారం లేకపోయింది.

నోటితో చెప్పినది ఫైల్లో చేరదు. నీళ్లకు ఎవరెవరు వస్తారో, ఎందుకు వస్తారో రాయించి, వాళ్ల సంతకాలో వేలిముద్రలో వేయించి పంపితే కమిటీ ముందు పెడతాను. ఇంతకు మించి ఈ దశలో హామీ ఇవ్వలేను.

భవదీయురాలు,
సూర్యప్రభ

*

జహనుమా,
30 జూలై 1978

సూర్యప్రభ బిడ్డకు,

"ఆగమ్మ గారు" ఎప్పటి నుంచి అయ్యాను? రామానుజం గారు ఆ మాట చదివితే వెనకకు తిరిగి చూశాను, ఎవరైనా పెద్దమ్మ వచ్చి నిలబడిందేమోనని.

వేలిముద్రలు అంటే తేలిక అనుకున్నావు. "వేలేస్తె జరిమానా ఇంటికొస్తది" అని గల్లీ గల్లీ తలుపులు వేసుకుంది. చంద్రమ్మ అయితే, "నువ్వు ముసలిదానివి, నిన్ను జైల్ల ఏస్తె బువ్వ పెడ్తరు. నా పిల్లలకు ఎవరు పెడ్తరు?" అంది. "జైల్ల బువ్వ నీ వంట కన్న నయమే ఉంటది, రావే" అన్నాను. నవ్వింది గానీ రాలేదు. అప్పుడు నేనే రేవులో బండ మీద కూచుని, అందరూ చూస్తుండగా ముందు నా వేలు వేశాను. మూడు వారాలు చూశారు. నన్ను పట్టుకుపోవడానికి ఎవరూ రాలేదు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు, చంద్రమ్మ అందరికంటే ఆఖరున.

కాగితాలు వేరే పంపుతున్నాను. అందులో లేనిది ఇక్కడ చెబుతాను. పొద్దున మేము ఉతుకుతాం. మేము లేచాక బర్రెలు దిగుతాయి. ఎండ తగ్గాక, పని లేని ముసలివాళ్లు గట్టు మీద కూచుని ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటారు. బతుకమ్మలు ఈ నీళ్లలోనే పోతాయి. మొహర్రం పదో రోజు ఖాసిం భాయ్ వాళ్ల ఆషుర్ఖానాలో నిలబెట్టిన పీర్లు ఈ నీళ్లకే వస్తాయి. నా దర్వాజ ముందు ఆగితే పీరు పట్టినవాళ్ల కాళ్ల మీద బిందెడు నీళ్లు పోస్తాను, మా అత్త పోసేది. మల్లన్న పోయినప్పుడు పదో రోజు నన్ను ఈ రేవుకే తెచ్చారు. ఆ రోజు నా గాజులు పగిలిన బండ మీదనే మర్నాడు బట్టలు ఉతికాను. వాడుకలో లేదట!

మెట్లు కట్టవద్దు, వాలుగా బండలు పరవాలి. తల మీద బతుకమ్మ ఉన్నది కాళ్ల కిందికి చూస్తుందా?

ఆగమ్మ

*

అలియాబాద్,
3 సెప్టెంబర్ 1978

ఆగమ్మా,

ఇది ఆఫీసు నుంచి కాదు, ఇంటి నుంచి రాస్తున్నాను. అమ్మ పక్కనే కూచుని నీ గొంతు ఇంకా అట్లాగే ఉందా అని అడుగుతోంది. కాగితంలోనే వినబడుతోందని చెప్పాను.

నువ్వు గెలిచావు. అన్ని ముద్రలను ఒకేసారి చూసిన కమిటీ, గట్టు వాడుకలో ఉందని ఒప్పుకుంది. నీళ్ల చుట్టూ తోట ఇక కాలనీది కాదు, ఊరిది. కంచె తీసేశాను. రేవు బండలు కదలవు. వాలు నువ్వు చెప్పినట్టే.

ఇక చెప్పవలసినది ఎట్లా చెప్పాలో తెలియక పది రోజులు ఆగాను. గట్టు ఊరిదైనా ఊరు లోపలికి రావాలి కదా. కాలనీ గేటు సొసైటీ సొంతం. గల్లీ వైపున్న ప్లాట్లన్నీ ఏప్రిల్‌లోనే రిజిస్టర్ అయిపోయాయి, వాటిని ముట్టుకునే అధికారం మాకు లేదు. గల్లీకీ నీళ్లకూ నడుమ, సొసైటీ చేతిలో పడని స్థలం ఒక్కటే మిగిలింది. పాత పట్టా ఉన్న ఇల్లు. అది నీది.

దారి నీ వాకిలి మీదుగా గీశాను. గీసింది నేనే, ఇంకెవరో కాదు. దానికి బదులు మాదన్నపేటలో, కూరగాయల మార్కెట్ దగ్గర, పక్కా ఇల్లు ఇస్తారు. నల్లా ఉంది.

సూర్యప్రభ

*

జహనుమా,
10 సెప్టెంబర్ 1978

సూర్యప్రభమ్మ గారికి,

ఆగమ్మ రాయించునది.

సొసైటీ ప్రెసిడెంటు ప్లాటులోంచి నీ గీత పోదు. నా పొయ్యి మీద నుంచి పోతుంది. అంత పెద్ద చదువు చదివితే మెత్తని చోటు ఎక్కడుందో తెలుస్తుందన్నమాట.

సొసైటీ వాళ్లు కూడా వచ్చారు. వాళ్లకూ నా జాగానే కావాలట. వాళ్లు అమ్మమన్నారు, మీరు ఇమ్మన్నారు. భిక్షపతి వాళ్లకే అమ్ముదామంటున్నాడు. "మీ సూర్యప్రభమ్మ మీఠా మాటలతోటి ఇల్లు గుంజుకుంటున్నది, వాళ్లు సీదా అడుగుతున్నరు" అంటున్నాడు.

మాదన్నపేటలో నల్లా ఉందట. నల్లా కింద చాకిరేవు పెడతారా?

రామానుజం గారు చివర "ఆశీస్సులు" అని రాయబోతే వద్దన్నాను.

*

అలియాబాద్,
24 సెప్టెంబర్ 1978

ఆగమ్మా,

నువ్వన్నవన్నీ న్యాయమే. ప్రెసిడెంటు ప్లాటులోంచి ఒక గీత గీసి తీసుకెళ్లాను. అది టేబుల్ మీద పరిచి ఉండగానే, జనవరి నుంచి నన్ను వరంగల్‌కు బదిలీ చేస్తున్నట్టు చెప్పారు. రెండింటికీ సంబంధం లేదని కూడా చెప్పారు.

ఫైలు డిసెంబర్ 15న మూస్తారు. అప్పటికి దారి లేకపోతే, దారి లేని గట్టును ఊరి పేరున ఉంచలేమని దాన్ని మళ్లీ కాలనీకే కలుపుతారు. ఇది నీకు తెలియాలి కాబట్టి రాశాను. నిన్ను అడగడం లేదు. అడిగే ముఖం నాకు లేదు.

సూర్యప్రభ

*

జహనుమా,
13 అక్టోబర్ 1978

బిడ్డా,

ఒకటి జరిగింది, విను.

సద్దుల బతుకమ్మ ముందు రోజు సొసైటీ వాళ్లు వాళ్ల ప్లాట్ల చుట్టూ ముళ్ల తీగ చుట్టారు. చెప్పా పెట్టలేదు. మర్నాడు చీకటి పడే వేళకు ఆడవాళ్లు ఆడి పాడి, బతుకమ్మలు ఎత్తుకుని వచ్చేసరికి, ఏటా పోయే సందు మూసి ఉంది. గల్లీ నిండా జనం. తంగేడు, గునుగు పూల వాసన. వెనకవాళ్లు తోస్తున్నారు, ముందువాళ్ల మొహాలకు ముళ్లు. బతుకమ్మను వెనకకు తిప్పి ఇంటికి తీసుకుపోయే ఆచారం లేదు. కింద పెట్టడానికీ లేదు. చంద్రమ్మ తీగను చేత్తో పట్టుకుని గుంజింది, అరచేయి చీరుకుపోయింది.

నేను నా దర్వాజలో నిలబడి చూస్తున్నాను. అంతవరకూ నాకు ఏ ఆలోచనా లేదు, నిజం చెబుతున్నాను. వెనక తలుపు గొళ్లెం తీసి, ముందుకు వచ్చి, "ఏం చూస్తున్నరే, రాండ్రి! చెప్పులిడిసి రాండ్రి, గీడ పొయ్యి ఉన్నది" అని అరిచాను.

వచ్చారు బిడ్డా. ముందు దర్వాజలో దూరి, వాకిలి దాటి, వెనక దర్వాజలోంచి నీళ్లకు. ఒకరి వెనక ఒకరు, పాట ఆపకుండా. పుష్పమ్మ బియ్యం డబ్బాను కావలించుకుని గోడకు అంటుకుపోయింది. "అత్తా, ఇల్లా ఇది, తొవ్వనా?" అంది. "ఇయ్యాల తొవ్వనే" అన్నాను. వాళ్లు పోయాక వాకిలంతా పూలరేకులు. ఊడ్చబోయి ఆగిపోయాను. నా ఇంట్లోంచి ఊరు పోతే ఎట్లా ఉంటుందో చూశాను కదా, అది చెడ్డగా లేదు.

తెల్లవారి ఖాసిం భాయ్ వచ్చాడు. దర్వాజ కిందా మీదా చూసి తల వంచుకున్నాడు. "క్యా భాయ్?" అన్నాను. "బతుకమ్మలు పోయినయ్, మా పీర్లు పోవమ్మా. మీ దర్వాజ చిన్నగుంది. పీర్ ఝుక్తా నై" అన్నాడు. పీరును నిలువుగానే మోసుకుపోవాలి, వంచి తీసుకుపోతే దాని మర్యాద పోతుంది. నాకు తెలియనిది కాదు.

"పీరు వంగకుంటె నా దర్వాజ వంగుతది, ఫికర్ చెయ్యకు" అన్నాను. అన్నాక తెలిసింది, నీ కాగితం మీద వేలు వేసినట్టేనని.

ఒకటే అడుగుతున్నాను. నీ గీత పొయ్యి వైపు జరిపితే అర్ర మిగులుతుందా? నేను మాదన్నపేటకు పోను. దారి పక్కనే ఉంటాను. ఉండకపోతే దానికి గేటు పెట్టకుండా ఎవరు చూస్తారు?

భిక్షపతి నాతో మాట్లాడటం లేదు.

ఆగమ్మ

*

అలియాబాద్,
19 నవంబర్ 1978

ఆగమ్మా,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. మధ్యలో లేచి లోపలికి వెళ్లిపోయింది.

గీత జరిగింది. దారి గల్లీ దగ్గర కొంచెం వంగి నీ అర్రను తప్పుకుని పోతుంది. వంపు వల్ల అందం తగ్గిందని పై అధికారి అన్నాడు. గల్లీలోంచి నీళ్లు ఒక్కసారిగా కనబడవు, రెండడుగులు వేశాక కనబడతాయి, నాకు అట్లానే బాగుందని చెప్పాను. అర్ర గోడకు ఆనించి ఒక అరుగు పెట్టాను, చాడీల కోసం. నక్షాలో అర్ర చిన్న నల్ల చతురస్రం. దాని పక్కన ఏమీ రాయలేదు. చూసినవాళ్లు అడుగుతారు, అప్పుడు చెబుతాను.

ఒక చిక్కు ఉంది. దాచను. పట్టా మల్లన్న పేరున వచ్చింది కాబట్టి నీ వేలిముద్ర ఒక్కటే చాలదు. వారసుడు భిక్షపతి సాక్షిగా సంతకం చేయాలి. అది లేకపోతే కమిటీ ఆ కాగితాన్ని తీసుకోదు. డిసెంబర్ 15 దాటితే నేను ఉన్నా చేయగలిగింది లేదు.

నీ షరతులు ఏమున్నా అందులోనే రాయించు. నేను ఒక్క మాట కూడా మార్చను.

నీ సూర్యప్రభ

*

జహనుమా,
13 డిసెంబర్ 1978

కమిటీ వారికి, సూర్యప్రభ బిడ్డ చేతుల మీదుగా,

నా పేరు ఆగమ్మ. మల్లన్న భార్యను. వయసు డెబ్బై. ఇంట్లో నేను, కొడుకు భిక్షపతి, కోడలు పుష్పమ్మ. ఇల్లు అంటే ఇప్పుడు ఒక అర్ర. అర్రకు ఎదురుగా పోయి వచ్చేది అంతా ఊరిది. నాకు అక్షరం రాదు, రామానుజం గారు రాస్తున్నారు. ఈసారి ఇస్త్రీ తక్కువ చేయమన్నాను, సరే అన్నారు.

మొన్న పీర్లు నీళ్లకు పోయాయి. ఆ రోజు పొద్దున భిక్షపతి కార్ఖానాకు పోలేదు. దర్వాజ కొట్టేయడానికి నేను గొడ్డలి తీస్తుంటే చేతిలోంచి లాక్కున్నాడు. రెండు నెలల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు. "ఈ దర్వాజ చౌకట్టు బాపు తన చేతులతోటి నిలబెట్టిండు. నువ్వు గొడ్డలేస్తె నేను చూస్తనా? మేకు మేకు తీస్త, జరుగు" అన్నాడు. తీశాడు. ముందుది, వెనకది. చెక్క ఒక్కటి పగలనివ్వలేదు. దర్వాజల పైగోడ కూడా తనే దింపాడు. పొద్దు తిరిగాక పీర్లు వచ్చాయి. నేను బిందె పట్టుకుని నిలబడ్డాను. ఎక్కడ నిలబడాలో తెలియలేదు, గడప లేదు కదా. ఖాసిం భాయ్ నా దగ్గర ఆగాడు. కాళ్ల మీద నీళ్లు పోశాను. పీరు వంగకుండా పోయింది.

సాయంత్రం వాడిని సంతకం అడిగాను. "దర్వాజ తీసుడు వేరు, దస్కత్ వేరు. దర్వాజ మళ్ల పెట్టొచ్చు" అన్నాడు. వాడి మాట తప్పు కాదు. చౌకట్లు రెండూ అర్ర గోడకు ఆనించి పెట్టాడు. రాత్రి వాటికి నూనె రాస్తూ కూచున్నాడు. అందుకే కింద సాక్షుల చోట ఒక గీత ఖాళీగా వదలమని రామానుజం గారికి చెప్పాను. నింపితే నింపుతాడు. బలవంతం చేసి తెచ్చిన దస్కత్ మీద నుంచి పీర్లు నడవకూడదు.

నా వాకిలినీ పొయ్యి జాగానూ నీళ్లకు దారిగా ఇస్తున్నాను. అమ్మడం లేదు. మాదన్నపేట ఇల్లు నాకు వద్దు, నీళ్లు లేని వేరే ఎవరికైనా ఇవ్వండి. దారికి గేటు ఉండకూడదు. తాళం ఉండకూడదు. పైన కమాను కట్టకూడదు, పీర్లు వంగవు. మెట్లు వద్దు. ఎప్పుడు వచ్చావు, ఎందుకు వచ్చావు, నీది ఏ గల్లీ అని అక్కడ ఎవరూ ఎవరినీ అడగకూడదు. ఉతికినందుకు జరిమానా వేసేవాళ్లుంటే ముందు నా దగ్గరికి రావాలి, నేను అర్రలోనే ఉంటాను. దారికి నా పేరు పెట్టవద్దు. పేరు పెడితే పలక పెడతారు, పలక పెడితే దాని చుట్టూ కంచె వేస్తారు.

కాలనీ వాళ్లు కూడా ఈ దారిన రావచ్చు. నాకు కోపం ఉంది గానీ, దారికి ఉండదు.

ఇది నేను తెలివితో, ఎవరి భయం లేకుండా చెప్పి, రాయించి, చదివించుకుని విన్నాను.

ఆగమ్మ ఎడమ చేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
రామానుజం, రాసినవాడు
ఖాసిం అలీ, ఆషుర్ఖానా
చంద్రమ్మ, వేలిముద్ర, రేవు
భిక్షపతి, తండ్రి మల్లన్న, సొంత దస్కత్